విశాఖ రోడ్లకు ఏ తారు, ఏ కెమికల్? కొనేవాళ్ల కోసం వివరమైన రివ్యూ

తారు, కంకర వేడిగా కలిపే హాట్‌మిక్స్ ప్లాంటు వాళ్లు కొటేషన్‌లో "మోడిఫైడ్ బిటుమెన్" (గుణం మార్చిన తారు) అని ఒక్క ముక్క రాసి రేటు పెంచుతారు. ఆ ముక్క వెనక చాలా రకాల సరుకు ఉంది. ఎస్‌బీఎస్ అనే సాగే పాలిమర్ కలిపిన పీఎంబీ ఒకటి. పాత టైర్ల పొడి కలిపిన సీఆర్‌ఎంబీ ఒకటి. ఇవి కాక కంకరకు పట్టించే వ్యర్థ ప్లాస్టిక్, తారు రాయిని వదలకుండా ఆపే యాంటీ స్ట్రిప్పింగ్ ద్రావణం, వార్మ్‌మిక్స్ కెమికల్, ఎస్‌ఎమ్ఏ అనే తారు ఎక్కువున్న మిక్సులో వేసే సెల్యులోజ్ ఫైబర్. ఒకదాని పని ఇంకోటి చెయ్యదు. ఒకటి ఎండకు, ఒకటి నీటికి, ఒకటి పగుళ్లకు. విశాఖలో లేఔట్ అసోసియేషన్లు, ఫ్యాక్టరీ యార్డులు చూసుకునేవాళ్లు, చిన్న కాంట్రాక్టర్లు దేనికి డబ్బు పెట్టాలో, దేనికి అక్కర్లేదో ఇక్కడ చెబుతున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఈ ఊళ్లో ఎక్కువ వీధుల్లో రోడ్డును ముందు తినేది నీరు. ఎండ ఆ తర్వాతే. కాబట్టి అదనంగా పెట్టే మొదటి రూపాయి కంకరకు తారు పట్టి ఉండేలా చేసే మందుకూ, గట్టిగా రోలింగ్ చేయించడానికీ వెళ్లాలి. పీఎంబీ గొప్ప సరుకే, కానీ దాని చోటు వేరు: లోడు లారీలు నెమ్మదిగా కదిలే, ఆగే, మలుపు తిరిగే చోట్లు.

మామూలు తారు సంగతి ముందు

పోలిక కోసం మామూలు తారు ఎక్కడుందో తెలియాలి. భారత ప్రమాణం (ఐఎస్) 73:2013 ప్రకారం రోడ్డు తారుకు నాలుగు గ్రేడ్లు: వీజీ-10, వీజీ-20, వీజీ-30, వీజీ-40. అంకె పెరిగేకొద్దీ 60 డిగ్రీల దగ్గర చిక్కదనం పెరుగుతుంది. వీజీ-30 చిక్కదనం 2400 నుంచి 3600 పాయిజ్, వీజీ-40 ది 3200 నుంచి 4800. మెత్తబడే ఉష్ణోగ్రత వీజీ-30కి కనీసం 47 డిగ్రీలు, వీజీ-40కి 50. మే నెల మధ్యాహ్నం నల్ల రోడ్డు పైభాగం 60 దాటుతుంది. అంటే ఎండాకాలంలో రోజూ కొన్ని గంటలపాటు తారు తన మెత్తబడే గీత దాటే ఉంటుంది. అప్పుడు బరువు మోసేది ఒకదానికొకటి ఆనుకున్న కంకర రాళ్లు. తారు వాటిని కదలకుండా పట్టి ఉంచుతుంది. కంకర గ్రేడింగు (చిన్నా పెద్దా రాళ్ల పాళ్లు) బాగుంటే వీజీ-30 మీద కార్లు, ఆటోలు, స్కూలు బస్సులు ఏళ్ల తరబడి తిరుగుతాయి.

తారు కోసం దూరం వెళ్లాల్సిన పని ఈ ఊరికి లేదు. 1957లో కాల్టెక్స్ మొదలుపెట్టిన రిఫైనరీ ఇప్పుడు హెచ్‌పీసీఎల్ విశాఖ రిఫైనరీ, మల్కాపురం పక్కనే ఉంది. రిఫైనరీ ఊళ్లో ఉన్నంత మాత్రాన ప్లాంటు ట్యాంకులో ఉన్నది అక్కడి తారే అనుకోవద్దు. ట్యాంకరుతో వచ్చే ఇన్‌వాయిసు, బ్యాచ్ టెస్టు సర్టిఫికెట్ రెండూ అడగాలి. తేదీ, గ్రేడు, వాహనం నంబరు ఒకదానితో ఒకటి కలవాలి.

ఇక రాయి. తూర్పు కనుమల్లో ప్రధానంగా దొరికేవి ఖొండలైటు, చార్నొకైటు. చార్నొకైటు నలుపు, నీలిబూడిద రంగులో గట్టిగా ఉంటుంది, క్రషర్ల వాళ్లు నల్లరాయి అనేది ఎక్కువగా దీన్నే. ఖొండలైటు వాతావరణానికి పాడై ఎర్రగా, పొడిపొడిగా రాలుతుంది. బీసీ (బిటుమినస్ కాంక్రీట్, పైన వేసే తారు కంకర) పొరకు అది పనికిరాదు. లాస్ ఏంజెలిస్ అరుగుదల (డ్రమ్ములో తిప్పితే రాయి అరిగే పాలు) 30 శాతం, నీరు పీల్చడం 2 శాతం దాటకూడదు. ఎర్రముక్కలు కలిసిన కంకర ఈ రెండు చోట్లా దెబ్బతింటుంది. గట్టి నల్లరాయికీ ఒక లోపం ఉంది. అందులో సిలికా ఎక్కువ. సిలికా ఉన్న రాతి ముఖం తారు కంటే నీటిని ఎక్కువ ఇష్టపడుతుంది. పొరలోకి నీరు దిగిందంటే, అది మెల్లగా తారును పక్కకు నెట్టి తాను రాయికి అంటుకుంటుంది. వాన వెలిశాక రోడ్డు మీద కంకర విడివిడిగా దొర్లుతూ కనిపిస్తే జరిగింది ఇదే. ఇంజినీర్లు స్ట్రిప్పింగ్ అంటారు, మేస్త్రీలు "కంకర లేచిపోయింది" అంటారు.

యాంటీ స్ట్రిప్పింగ్ మందు: అన్నిటికన్నా ముందు కొనాల్సింది

వీటిలో మూడు రకాలు దొరుకుతాయి.

మొదటిది అమీన్ ద్రావణం. డ్రమ్ముల్లో వస్తుంది, ఘాటు వాసన. మోతాదు తారు బరువులో 0.2 నుంచి 0.5 శాతం. అణువు ఒక కొస రాతి ముఖాన్ని పట్టుకుంటుంది, రెండో కొస తారులో కలుస్తుంది. దీనితో వచ్చే చిక్కు వేడి. 150 డిగ్రీల పైన ట్యాంకులో రోజుల తరబడి కాగితే పట్టు తగ్గిపోతుంది. సోమవారం కలిపిన ట్యాంకుతో శనివారం మిక్సు తీస్తే కాగితం మీద మందు ఉంటుంది, పని మాత్రం చెయ్యదు. వాడే రోజునే కలపాలి, పంపు తిప్పుతూ బాగా కలవనివ్వాలి. వేడికి నిలిచే రకం అని సరఫరాదారు అంటే, వేడి నిల్వ తర్వాత చేసిన టెస్టు ఫలితం చూపించమనాలి.

రెండోది సిలేన్ ఆధారిత ద్రావణం, మార్కెట్లో నానో టెక్నాలజీ పేరుతో అమ్ముతారు. మోతాదు చాలా తక్కువ, తారులో సుమారు 0.1 శాతం. ఇది రాతి ముఖంతో రసాయనికంగా బంధం వేసుకుంటుంది కాబట్టి వేడికి అమీన్ కంటే బాగా నిలుస్తుంది. మిక్సు తక్కువ వేడిలో కలవడానికీ, రోలరు కింద దిగడానికీ సాయపడుతుంది. కిలో ధర ఎక్కువే. మోతాదు తక్కువ కాబట్టి డ్రమ్ము ధరలు పోల్చడం తప్పు, టన్ను తారుకు ఎంత పడుతుందో లెక్కేసి పోల్చాలి. ఈ రకానికి అసలు ప్రమాదం మోతాదులోనే ఉంది. పదివేల కిలోల తారులో పది కిలోలు సమంగా కలవాలంటే డోసింగ్ పంపు కావాలి. మనిషి డబ్బాతో కొలిచి ట్యాంకు మూతలోంచి పోస్తే పైన ఎక్కువ, కింద ఏమీ లేకుండా పోతుంది.

మూడోది పొడి సున్నం, అంటే నీళ్లతో చల్లార్చిన హైడ్రేటెడ్ లైమ్. కంకర బరువులో 2 శాతం, ఫిల్లరుగా (సందులు నింపే సన్నపొడిగా) వేస్తారు. అన్నిటికంటే పాత పద్ధతి, ఇప్పటికీ నమ్మదగినది. నీటికి నిలుస్తుంది, మిక్సును కాస్త గట్టిపరుస్తుంది, వేడికి పట్టు పోదు. బరువు మాత్రం టన్నుల్లో ఉంటుంది. ప్లాంటులో విడిగా ఫిల్లరు సైలో, స్క్రూ ఫీడరు లేకపోతే కుదరదు. చల్లార్చని సున్నం ఎట్టి పరిస్థితిలోనూ వెయ్యకూడదు. తేమ తగిలితే పొరలోనే ఉబ్బుతుంది.

పనిచేసిందో లేదో చూడటానికి రెండు ల్యాబు పరీక్షలున్నాయి. ఐఎస్ 6241 ప్రకారం తారు పట్టించిన కంకరను 40 డిగ్రీల నీటిలో 24 గంటలు ఉంచితే కనీసం 95 శాతం పూత నిలవాలి. అసలు నమ్మాల్సింది టెన్సైల్ స్ట్రెంగ్త్ రేషియో, టీఎస్ఆర్. తడిపి వేడి నీటిలో ఉంచిన నమూనా బలం, పొడి నమూనా బలంలో 80 శాతమైనా ఉండాలి. మొదటి పరీక్ష కంటితో చూసే అంచనా మాత్రమే. అందులో పాసైన మిక్సు టీఎస్ఆర్‌లో 65 దగ్గర ఆగిపోవడం వింత కాదు.

సైటులో చెయ్యదగ్గది మరుగు పరీక్ష. ప్లాంటు నుంచి వచ్చిన మిక్సు పావుకిలో తీసుకుని, గిన్నెలో మరుగుతున్న నీటిలో పది నిమిషాలు ఉంచండి. పైన తేలిన తారు పొరను ముందు తీసెయ్యండి, లేకపోతే నీరు వంచేటప్పుడు అదే మళ్లీ కంకరకు అంటి మోసం చేస్తుంది. తర్వాత నీరు వంచేసి కాగితం మీద పరిచి ఆరనివ్వండి. మందు పనిచేసిన మిక్సు నల్లగా మెరుస్తూనే ఉంటుంది. పనిచెయ్యనిది మొదట అంచుల దగ్గర, విరిగిన పదునైన మూలల దగ్గర బూడిదరంగు రాయి బయటపెడుతుంది. పెద్ద ముక్కల చదును ముఖాలు కూడా తారు వదిలి బయటపడ్డాయంటే ఆ లోడు వెనక్కి పంపాల్సిందే. ఇది కాంట్రాక్టు పరీక్ష కాదు, కానీ గ్యాస్ స్టవ్ ఉన్న ప్రతి సైటులోనూ చేయించవచ్చు.

ఖర్చు ఎంతో చూడండి. ఆరు మీటర్ల వెడల్పు, 300 మీటర్ల పొడవున్న లేఔట్ రోడ్డుకు 30 మి.మీ. బీసీ వేస్తే 54 ఘనమీటర్లు, అంటే దాదాపు 130 టన్నుల మిక్సు. 5.4 శాతం చొప్పున తారు ఏడు టన్నులు. అమీన్ ద్రావణం 0.3 శాతం అంటే 21 కిలోలు. మొత్తం బిల్లులో ఇది లెక్కలోకి వచ్చే మొత్తం కాదు. ఇంత చిన్న ఖర్చుకు ఇంత రక్షణ ఇచ్చే సరుకు ఈ జాబితాలో ఇంకోటి లేదు. ఒక షరతు: డ్రైనేజీ లేక నీరు నిలిచే చోట ఏ మందూ పనిచెయ్యదు. రోడ్డుకు మధ్య నుంచి అంచుకు వాలు ఇవ్వకుండా, కాలువ కంటే రోడ్డు దిగువకు ఉంచి, కెమికల్ డబ్బు పెట్టడం వృథా.

పీఎంబీ: మంచి సరుకే, పాడుచేయడమూ తేలికే

పీఎంబీలో ఎక్కువగా వాడేది ఎస్‌బీఎస్, తారులో 3 నుంచి 5 శాతం. అది తారులో ఉబ్బి, సాగి మళ్లీ ముడుచుకునే వలలా అల్లుకుంటుంది. చక్రం కింద సాగిన తారు చక్రం వెళ్లాక వెనక్కి వస్తుంది. మామూలు తారు సాగింది సాగినట్టే ఉండిపోతుంది, అలా పేరుకున్నదే లారీ చక్రాల గాడి. ఐఎస్ 15462:2019 ప్రకారం గ్రేడు పేర్లు పీఎంబీ 64-10, 70-10, 76-10, 82-10, 76-22. మొదటి అంకె రోడ్డు ఎంత వేడికి తట్టుకోవాలో, రెండోది సున్నాకు కింద ఎంత చలికి తట్టుకోవాలో చెబుతుంది. 70-10 మెత్తబడేది కనీసం 65 డిగ్రీల దగ్గర, 76-10 కనీసం 70 దగ్గర. విశాఖకు 76-22 అడగనక్కర్లేదు, మైనస్ 22 చలి ఇక్కడ ఎవరూ చూడబోరు. పాత టెండర్లలో ఇప్పటికీ "పీఎంబీ-40" అని కనిపిస్తుంది. అది 2004 నాటి పేరు. కొత్త ఆర్డరులో కొత్త గ్రేడే రాయించుకోండి, లేకపోతే ఏ పరీక్ష ప్రకారం సరుకు వెనక్కి పంపాలో తేలదు.

ఎక్కడ వాడాలి? పోర్టుకు వెళ్లే రోడ్లు, షీలానగర్ వైపు కంటైనర్ల దారి, గాజువాక పారిశ్రామిక ప్రాంతం, సిగ్నళ్ల ముందు వంద మీటర్లు, బస్ బేలు, ఫ్యాక్టరీ తూనికల దగ్గర. బరువు పెరిగితే నష్టం అదే లెక్కన పెరగదు. స్థూలంగా ఇరుసు బరువుకు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ప్రామాణిక ఇరుసు 8.16 టన్నులు. దాని మీద 10 శాతం ఎక్కువైతే నష్టం దాదాపు ఒకటిన్నర రెట్లు, సగం ఎక్కువైతే ఐదు రెట్లు. పైగా లారీ నెమ్మదిగా వెళ్తే తారు మీద బరువు ఎక్కువసేపు ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో గాడి పడని మిక్సు, క్యూలో పది నిమిషాలు నిలబడ్డ బొగ్గు లారీల కింద పడుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం ఐఆర్‌సీ:37-2018 కూడా 50 మిలియన్ ప్రామాణిక ఇరుసులు దాటే దారులకు పై పొరలో మోడిఫైడ్ తారునే ముందుంచుతుంది. మార్షల్ స్థిరత్వం (ల్యాబులో మిక్సు దిమ్మ మోయగల గరిష్ఠ బరువు) మామూలు తారు మిక్సుకు కనీసం 9 కిలోన్యూటన్లు, వేడి ప్రాంతాల్లో మోడిఫైడ్ మిక్సుకు 12.

లేఔట్ రోడ్డుకు, అపార్ట్‌మెంట్ లోపలి దారికి పీఎంబీ కొనవద్దనే మా సలహా. పైన లెక్కేసిన రోడ్డుకు కావాల్సింది ఏడు టన్నుల తారు. ట్యాంకరు వచ్చేది 20 టన్నుల దాకా. మిగతా 13 టన్నులు ఏ పనికి పోతాయి, ఎన్నాళ్లు కాగుతాయి? "మీ పనికి పీఎంబీయే వేశాం" అనే చిన్న కొటేషన్లలో చాలావాటికి ఈ ప్రశ్నకు జవాబు ఉండదు.

పెద్ద పనుల్లో కూడా పీఎంబీ పాడయ్యేది రిఫైనరీలో కాదు, ప్లాంటు ట్యాంకులో. మొదటి తప్పు, పాత తారు మిగిలి ఉన్న ట్యాంకులోకే దించడం. అడుగున నాలుగు టన్నుల వీజీ-30 ఉండగా 16 టన్నుల పీఎంబీ పోస్తే, 4 శాతం ఉండాల్సిన పాలిమరు 3.2కు పడిపోతుంది. డబ్బు పీఎంబీకి ఇచ్చి, తక్కువ పనితనం కొన్నట్టు. ట్యాంకు ఖాళీగా ఉందని కొలకర్ర పెట్టి చూసి, ఆ తర్వాతే ట్యాంకరు వాల్వు తెరవనివ్వాలి. రెండోది, కలిపే యంత్రం లేని ట్యాంకు. నిల్వ ఉంచితే పాలిమరు పైకి తేలుతుంది. పైనా కిందా తీసిన నమూనాల మెత్తబడే ఉష్ణోగ్రతల మధ్య 3 డిగ్రీలకు మించి తేడా ఉండకూడదని ప్రమాణం. మూడోది, మితిమీరిన మంట. కలిపేటప్పుడు తారు 165 నుంచి 185 డిగ్రీల మధ్య ఉండాలి. 190 దాటి గంటల తరబడి కాస్తే పాలిమరు గొలుసులు తెగిపోతాయి. చిమ్నీ కాదు, మిక్సరు గేటు దగ్గర నీలిపొగ చూడండి. అది తారు కాలుతున్న గుర్తు.

పరీక్ష అడగాల్సింది ఎలాస్టిక్ రికవరీ. 15 డిగ్రీల నీటిలో నమూనాను 10 సెంటీమీటర్లు సాగదీసి, మధ్యలో కత్తిరించి, గంట ఆగి ఎంత వెనక్కి ముడుచుకుందో కొలుస్తారు. మంచి పీఎంబీ 70 శాతం పైగా వెనక్కి వస్తుంది, వీజీ-30 దాదాపు అలాగే పడి ఉంటుంది. కత్తిరించిన దారం కొసలు ఒకదాని నుంచి ఒకటి దూరంగా జరిగిపోవడం కంటికే కనిపిస్తుంది, ఎవరికీ వివరించక్కర్లేదు. పెనెట్రేషన్ (తారులోకి సూది ఎంత దిగుతుందో చూసే పరీక్ష) ఒక్కటే ఉన్న సర్టిఫికెట్ చూపిస్తే ఒప్పుకోవద్దు. గట్టి తారు ఏదైనా ఆ పరీక్షలో మంచి అంకె తెస్తుంది. నమూనా ట్యాంకరు నుంచి ఒకటి, మిక్సరులోకి వెళ్లే పైపు దగ్గర ఒకటి తీయించండి. ఈ రెండింటి మధ్య తేడా వస్తే తప్పు ప్లాంటుది, సరఫరాదారుది కాదు.

పరిచేటప్పుడు పీఎంబీ మిక్సు తొందరపెడుతుంది. చల్లారిన కొద్దీ బాగా బిగుసుకుంటుంది కాబట్టి రోలరు, మిక్సు పరిచే యంత్రం పేవరు వెనకే ఉండాలి. బీచ్ రోడ్డు లాంటి చోట్ల సముద్రపు గాలికి 40 మి.మీ. పొర చూస్తుండగానే చల్లారుతుంది. ఆనందపురం, సబ్బవరం వైపు ప్లాంట్ల నుంచి టిప్పరు ట్రాఫిక్‌లో నిలిచి వచ్చేసరికి పైన పెంకు కడుతుంది. టార్పాలిన్ కప్పకుండా వచ్చిన టిప్పరును దించనివ్వొద్దు. లేజర్ గన్ పై పెంకు వేడి మాత్రమే చూపుతుంది, కడ్డీ థర్మామీటరును మిక్సు లోపలికి గుచ్చి చూడాలి. టైరు రోలరుకు పీఎంబీ అంటుకుంటుంది. దానికి డ్రైవర్లు డీజిల్ పూస్తారు. డీజిల్ తారును కరిగిస్తుంది, ఆ చారలే తర్వాత గుంతలవుతాయి. సబ్బునీరు చాలు.

రబ్బరు తారు

టైర్ల పొడి కలిపిన తారుకు 2019 నుంచి ఐఎస్ 17079 అనే విడి ప్రమాణం ఉంది. మార్కెట్లో మాత్రం సీఆర్‌ఎంబీ-55, సీఆర్‌ఎంబీ-60 అనే పాత పేర్లే నడుస్తున్నాయి. ఆ అంకెలు కనీస మెత్తబడే ఉష్ణోగ్రతలు. పాత రోడ్డు మీద సన్న పగుళ్లుండి, పైన కొత్త పొర వెయ్యాల్సి వస్తే ఈ తారు బాగా పనిచేస్తుంది. రబ్బరు వల్ల తారు పొర మందంగా ఉంటుంది, కింది పగులు పైకి రావడానికి ఎక్కువ కాలం పడుతుంది. గాడులకు పీఎంబీ అంత గట్టి జవాబు కాదు, మామూలు తారు కంటే మెరుగే.

దీని బలహీనత అడుగుకు దిగడం. రబ్బరు పొడి పూర్తిగా కరగదు, వేడి తారులో ఉబ్బి తేలుతూ ఉంటుంది. కలపడం ఆపితే కూరుకుపోతుంది. ట్యాంకులో కొలకర్ర అడుగు దాకా దించి తీస్తే చివర ముద్దముద్దగా అంటుకుని వచ్చిందంటే రబ్బరు కింద కూర్చుంది, పైన వీజీ-30 మిగిలింది. అలాంటి ట్యాంకు నుంచి పొద్దున తీసిన మిక్సుకూ సాయంత్రం తీసిన మిక్సుకూ పొంతన ఉండదు. ఎక్కువ రోజులు వేడి మీద ఉంచినా రబ్బరు విచ్ఛిన్నమై చిక్కదనం పడిపోతుంది. ప్లాంటులోనే పొడి సంచులు విప్పి ట్యాంకులో పోసి కర్రతో కలిపే పద్ధతిని సీఆర్‌ఎంబీ అనకూడదు. కొంటే రిఫైనరీలోనో, మిల్లు ఉన్న బ్లెండింగు యూనిట్లోనో తయారైనదే కొనండి.

వ్యర్థ ప్లాస్టిక్ రోడ్డు

మదురై త్యాగరాజర్ ఇంజినీరింగ్ కళాశాలలో ప్రొఫెసర్ ఆర్. వాసుదేవన్ తీర్చిదిద్దిన పొడి పద్ధతి ఇది. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఐఆర్‌సీ:ఎస్‌పీ:98 దీనికి మార్గదర్శకం. క్యారీ బ్యాగులు, పాల ప్యాకెట్ల వంటి ప్లాస్టిక్‌ను 2.36 మి.మీ. జల్లెడ దాటేంత సన్నగా తురిమి, సుమారు 165 డిగ్రీల వేడి కంకర మీద చల్లుతారు. అది కరిగి రాయికి పలుచటి పూతగా అంటుకుంటుంది, ఆ తర్వాతే తారు కలుపుతారు. మోతాదు తారు బరువులో 6 నుంచి 8 శాతం. రాయి నీరు పీల్చడం తగ్గుతుంది, స్ట్రిప్పింగ్ తగ్గుతుంది, మార్షల్ బలం పెరుగుతుంది. విశాఖ రాయికీ వానకూ ఇది సరిపడే గుణం.

పేచీ వచ్చేది సరుకు శుభ్రతతో. పీవీసీ ముక్క ఒక్కటి కూడా పోకూడదు, ఆ వేడికి విషవాయువు వదులుతుంది. పైపు ముక్కలు, వైరు తొడుగులు, ఫ్లెక్సీలు చేత్తో ఏరి తీసేసే మనుషులు లేని చోట ఈ పని ఒప్పుకోవద్దు. బురద, తడి ఉన్న తురుము పూతగా అంటదు, ఉండలు కడుతుంది. విడతలుగా కలిపే బ్యాచ్ ప్లాంటులో పగ్‌మిల్లులోకి (కలిపే తొట్టిలోకి) తూకం ప్రకారం వెయ్యడం సులువు. ఆగకుండా కలిపే డ్రమ్ ప్లాంటులో మంటకు దూరంగా, తారు పైపుకు ముందు విడి ఫీడరుతో వెయ్యాలి, లేకపోతే సగం కాలిపోతుంది. కొందరు పని తప్పించుకోవడానికి తురుమును నేరుగా తారు ట్యాంకులో పోస్తారు. అది విడిపోయి పైన గడ్డ కడుతుంది, పంపు మూసుకుపోతుంది. వీధి రోడ్లకు, కాలనీ దారులకు శుభ్రమైన తురుము దొరికితే మేము ధైర్యంగా సిఫారసు చేస్తాం. పోర్టు రోడ్డుకు పీఎంబీ బదులు ఇది చాలు అనే మాటను మాత్రం నమ్మవద్దు. ఇది రాయికి పూత. తారుకు సాగే గుణం ఇవ్వదు.

వార్మ్‌మిక్స్, ఫైబర్

వార్మ్‌మిక్స్ కెమికల్ మిక్సు వేడిని 20 నుంచి 30 డిగ్రీలు తగ్గించి కూడా పని జరిగేలా చేస్తుంది. ఇంధనం ఆదా అని అమ్ముతారు. ఈ ఊళ్లో దాని అసలు విలువ వేరే. వేడి తగ్గించకుండా మామూలు వేడితోనే తీసి, దూరం ప్రయాణించిన మిక్సుకు రోలింగ్ గడువు పెంచుకోవచ్చు. రాత్రి పనులకు, సముద్రం పక్క పనులకు ఇది చాలా ఉపయోగం. కంకర తడి ఆరకుండా తక్కువ వేడిలో మిక్సు తీస్తే మాత్రం లోపలి తేమ పూతను లేపేస్తుంది. వానాకాలంలో కంకర కుప్పలకు కప్పు లేని ప్లాంటులో వేడి తగ్గించనివ్వకండి.

సెల్యులోజ్ ఫైబర్ ఎస్‌ఎమ్ఏ మిక్సుకే. మిక్సు బరువులో కనీసం 0.3 శాతం. ఎస్‌ఎమ్ఏలో తారు ఎక్కువ, మధ్యస్థ కంకర తక్కువ, అందుకే ఫైబరు లేకపోతే టిప్పరు అడుగుకు తారు కారిపోతుంది. మామూలు బీసీలో ఫైబరు వేస్తామని ఎవరైనా కొటేషన్ ఇస్తే ఆ వరుస కొట్టెయ్యండి.

అసలు పరీక్ష కోరు కట్

ఏ సరుకు కొన్నా అది పనిచేసేది పొర దట్టంగా కూర్చున్నప్పుడే. వేసిన పొర నుంచి కోరు (గుండ్రంగా కోసిన నమూనా) తీసి సాంద్రత కొలిస్తే అది మిక్సు గరిష్ఠ సిద్ధాంత సాంద్రతలో 92 శాతమైనా ఉండాలి. గరిష్ఠం 2.55 అనుకుంటే కోరు 2.346కు తగ్గకూడదు. 2.28 వచ్చిందంటే 89.4 శాతం, అంటే పొరలో పదింట ఒక వంతుకు పైగా ఖాళీ. ఖాళీలు 8 శాతం దాటాక అవి ఒకదానితో ఒకటి కలిసి నీటికి దారులవుతాయి. అక్కడ పీఎంబీ ఉన్నా, యాంటీ స్ట్రిప్పింగ్ ఉన్నా రెండు వానాకాలాలు గడవడం కష్టం. కోరు తీసే చోటు కాంట్రాక్టరు చూపించకూడదు. అంచుకు అరమీటరు దూరంలో ఒకటి, రెండు పేవరు వెడల్పులు కలిసే అతుకు దగ్గర ఒకటి తప్పకుండా తీయించండి. రోలరు తక్కువ తిరిగే చోట్లు అవే.

పొరల మధ్య అతికించే పూత, ట్యాక్ కోటు మీద కూడా కన్నేయాలి, ముఖ్యంగా సింహాచలం, కైలాసగిరి లాంటి ఘాట్ రోడ్ల మీద. బ్రేకుల ఒత్తిడికి పై పొర జారకుండా ఆపేది అదే. ఆర్‌ఎస్-1 ఎమల్షన్ (నీటిలో కలిపిన తారు) చదరపు మీటరుకు 0.20 నుంచి 0.30 కిలో చాలు. ఎమల్షన్ గోధుమరంగు నుంచి పూర్తిగా నల్లగా మారాకే మిక్సు పరవాలి. గోధుమరంగులో ఉండగా పరిస్తే నీరు కింద చిక్కుకుని, ఆ చోట పొర అతకదు.

వానాకాలం గుంతల సంచి

తయారుగా దొరికే, వేడి చెయ్యకుండా వాడే కోల్డ్ మిక్సు సంచులను ఆఖర్న చెబుతున్నాం, ఎందుకంటే జులై నుంచి నవంబరు దాకా అసోసియేషన్లు కొనేవి ఎక్కువగా ఇవే. తాత్కాలిక మరమ్మతుగా మంచి సరుకు. 25 కిలోల సంచి 50 మి.మీ. లోతులో పావు చదరపు మీటరు కూడా నింపదు, అందుకే గుంత కొలిచి ఆర్డరు చెయ్యండి. గుంత అంచులను నిలువుగా, చతురస్రంగా కట్ చేసి, లోపలి బురద, వదులు రాళ్లు తీసేసి, నీరు తోడి, అంచులకు ఎమల్షన్ రాసి, చుట్టూ ఉన్న రోడ్డు కంటే ఒక సెంటీమీటరు ఎత్తుగా నింపి, ప్లేటు కంపాక్టరుతో దిమ్మిస చెయ్యాలి. నీళ్లు నిలిచిన గుండ్రటి గుంతలో సంచి విప్పి పోసి పారతో తట్టి వెళ్లిపోతే, మర్నాటి బస్సు చక్రానికే అది రోడ్డంతా పరుచుకుంటుంది. సంచి కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి, చేత్తో నొక్కండి. లోపల మిక్సు వదులుగా కదలాలి. గడ్డ కట్టిన సంచి తిరిగి ఇచ్చెయ్యండి.